బావిలోంచి వచ్చిన గొంతు

"ఇది పాటేనా అక్కా? ఎవరో పిల్ల బావిలో కూచుని పాడుకుంటున్నట్టుంది."

ప్యూరిటీ రింగ్ అనే కెనడా సంగీత బృందం మొదటి ఆల్బమ్ వినిపిస్తే మా చెల్లి అన్న మాట ఇది. 2014 డిసెంబరు. ఊరు ఎడ్మంటన్, కెనడాలోని అల్బర్టా రాష్ట్రానికి రాజధాని. తను ఖమ్మం నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఇంకా నిద్ర కుదరక తెల్లవారుజామున మూడింటికే లేచి, దుప్పటి కప్పుకుని, నా లాప్‌టాప్‌లో పాటలు తిరగేస్తోంది. నాకు మనసు చివుక్కుమంది. రెండు చలికాలాలు నన్ను గట్టెక్కించిన పాటలవి. మొన్న విమానం దిగిన పిల్లకి ఆ సంగతి ఎలా చెప్పను? ఏమీ అనకుండా టీ పెట్టడానికి లేచాను. కానీ ఆ మాట నా వెంటే వచ్చింది, ఎందుకంటే తను అన్నది నిజం. ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. నేను దాన్ని అంతగా ఇష్టపడిందీ అందుకే.

నేను 2012 ఆగస్టులో అల్బర్టా యూనివర్సిటీలో ఎమ్మెస్ చదవడానికి వెళ్ళాను. వెళ్ళిన కొత్తలో రాత్రి తొమ్మిదైనా వెలుతురు ఉండేది, ఎంత బాగుందో అనుకున్నాను. అక్టోబరు దాటేసరికి ఇచ్చిన వెలుతురంతా వడ్డీతో సహా వెనక్కి లాక్కున్నట్టయింది. డిసెంబరులో అక్కడ పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగుంబావుకల్లా పొద్దు గూకుతుంది. ల్యాబ్‌కి వెళ్ళేటప్పుడు చీకటి, తిరిగొచ్చేటప్పుడు చీకటి. మైనస్ 30 వచ్చిన రాత్రుల్లో కార్లకు కూడా కరెంటు వైరు తగిలిస్తారు, ఇంజను గడ్డకట్టకుండా. ఇళ్ళ ముందు వైర్లు తగిలించుకుని వరసగా నిలబడ్డ ఆ కార్లను చూస్తే నాకు పెద్దాసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటున్న మనుషులు గుర్తొచ్చేవాళ్ళు.

నేనుండే గది ఒక ఇంటి బేస్‌మెంట్. కిటికీ నేలకు సమానంగా ఉండేది, మంచు పడితే సగం మూసుకుపోయేది. 2013 జనవరిలో ఒక రోజు ల్యాబ్‌లో యంత్రం వేడెక్కడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, పక్క బల్ల దగ్గరి కుర్రాడు తన హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు. "వీళ్ళది మా ఊరే" అన్నాడు. ఆ కుర్రాడు ఎడ్మంటన్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఊరి పేరు చెప్పేటప్పుడు గొంతులో గర్వం తెలుస్తూనే ఉంది. ఊరి పేరు చెప్పుకుని పొంగిపోవడం మనకే అలవాటనుకునేదాన్ని.

ఆ పాట ఫైన్‌ష్రైన్. ఆల్బమ్ పేరు ష్రైన్స్, 2012 జులైలో ఫోర్ ఏడీ అనే రికార్డు సంస్థ నుంచి వచ్చింది. బృందం అంటే ఇద్దరే: పాడేది మేగన్ జేమ్స్, సంగీతం చేసేది కోరిన్ రాడిక్. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. చిన్నపిల్ల గొంతులా మొదలైంది, దాని వెనకే అదే గొంతు లావుగా, మగవాడి గొంతులా బొంగురుపోయి వచ్చింది, ఆ తర్వాత అదే గొంతు ముక్కలు ముక్కలై వాయిద్యంలా పలికింది. మూడూ ఒక్క మనిషివే అని నమ్మడానికి నాకు వారం పట్టింది.

ఆ వారంలోనే పట్టుబట్టి ఇదంతా ఎలా చేస్తారో చదివాను. డ్రమ్ములు అమెరికా దక్షిణాది ర్యాప్ పాటలవి. అట్లాంటా, హ్యూస్టన్ కుర్రాళ్ళు కార్లలో అద్దాలు అదిరేలా పెట్టుకునే దరువు. వాటి మీద సింథ్, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డు నాదం, పరుచుకుని ఉంటుంది. కింద పెద్ద డ్రమ్ము దెబ్బ పడిన ప్రతిసారీ పైనున్న సింథ్ ఒక్క క్షణం అణిగి మళ్ళీ లేస్తుంది. సైడ్‌చెయిన్ అంటారు దీన్ని, డ్రమ్ము శబ్దమే సింథ్ గొంతు నొక్కి వదిలేలా కట్టే ఏర్పాటు. వినేవాళ్ళకి మాత్రం పాట మొత్తం పక్కన పడుకుని ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఇక గొంతు. దాన్ని పాడించి, కోసి, శ్రుతి పెంచి, తగ్గించి, తలకిందులు చేసి, మళ్ళీ పాటలోకే విసిరేవాడు కోరిన్. మేగన్ రాసే మాటలు తన డైరీల్లోంచి తీసుకున్నవి. ఫైన్‌ష్రైన్‌లో ఆమె తన రొమ్ము ఎముకను కోసి తెరిచి, తన పక్కటెముకలను నీ చుట్టూ చుట్టుకోమని అడుగుతుంది. ఆ మాటలు చదివాక పాట మళ్ళీ వింటే వెన్ను జలదరించింది. ఇంత భయంకరమైన ప్రేమ మాటను ఇంత లాలిగా పాడటం నేనెక్కడా వినలేదు.

పాటల పేర్లే చూడండి: లాఫ్టిక్రైస్, బెలిస్పీక్, ఒబిడియర్, అన్‌గర్త్‌డ్. చాలావరకు రెండు మాటలు ఒకదానికొకటి అతుక్కుని పుట్టిన పేర్లు. ఇంగ్లీషు వాళ్ళకి వింతగా ఉన్నాయేమో గానీ, సంధులూ సమాసాలూ నోట్లో నలిగిన మనకి ఆ అతుకు చూడగానే తెలిసిపోతుంది.

బావి సంగతికి వస్తాను. నాకు స్పష్టత లేని పాట మీద ఇష్టం ఎడ్మంటన్‌లో మొదలవలేదు. మా ఇల్లు ఖమ్మంలో నరసింహస్వామి గుట్టకు బాగా దూరం. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై పెట్టేవాళ్ళు. పొగమంచులో, గాలి ఎటు తిరిగితే అటు పోతూ, సగం పాశురం వినిపించి సగం వినిపించకుండా వచ్చేది. నేను దుప్పట్లో ముడుచుకుని ఆ మిగతా సగం నేనే ఊహించుకునేదాన్ని. ఒకసారి అమ్మ నన్ను గుడికి తీసుకెళ్ళింది. మైకు కింద నిలబడి అదే పాశురం స్పష్టంగా, గట్టిగా వింటే ఏడుపొచ్చింది. ఇది కాదు, మన ఇంట్లో వినిపించేది వేరే అని గొడవ చేశానట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ష్రైన్స్ విన్నప్పుడు నాకు ఆ దుప్పటి దొరికింది.

ఆ రోజుల్లో అమ్మ గొంతు కూడా అలాగే వచ్చేది. చలికాలంలో ఎడ్మంటన్‌కి మన దేశం పన్నెండున్నర గంటలు ముందుంటుంది. నా రాత్రి తొమ్మిదికి అమ్మకు మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. అమ్మ వంటింట్లోంచి తీరిక చేసుకుని స్కైప్‌లో కూర్చునేది. "వినపడుతుందా బిడ్డా?" అన్న మాట మూడుసార్లు చెబితే ఒకసారి వచ్చేది. ఒక్కోసారి గొంతు సాగిపోయి, మగవాళ్ళ గొంతులా మారి, ముక్కలై, ఒక్కసారిగా నాలుగు మాటలు కలిసి మీద పడేవి. బొమ్మ ఎప్పుడో ఆగిపోయి ఉండేది. ఫోను పెట్టేశాక హెడ్‌ఫోన్స్ తీయకుండా అలాగే ష్రైన్స్ పెట్టుకునేదాన్ని. మేగన్ గొంతూ అదే తీరుగా సాగేది, ముక్కలయ్యేది. అమ్మతో మాట ఇంకా అయిపోలేదన్నట్టు ఉండేది.

తర్వాత ఒక సంగతి తెలిసింది. ఆ ఆల్బమ్ చేసేటప్పుడు వాళ్ళిద్దరూ ఒకచోట లేరు. కోరిన్ మాంట్రియల్‌లో, మేగన్ హాలిఫాక్స్‌లో. మధ్య రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అతను బాణీ చేసి పంపితే, ఆమె తన గదిలో పాడి తిరిగి పంపేది. ఇద్దరూ ఎడ్మంటన్ వాళ్ళే, కానీ ఆ పాటల్లో ఎక్కువ భాగం ఒకరి ఊపిరి ఒకరికి తగలకుండా పుట్టినవి. చదివి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. నేను విన్నది ఒట్టి సొగసు కాదు. నిజంగానే దూరం అది.

వాళ్ళ కచేరీల వీడియోలు కూడా దొరికినన్ని చూసేదాన్ని. కోరిన్ ముందు ఒక వింత వాయిద్యం ఉండేది, తనే కట్టుకున్నది. వరసగా కాగితపు లాంతర్లలాంటివి, పట్టుగూళ్ళలా. కర్రతో కొడితే ఆ లాంతరు వెలిగేది, స్వరం పలికేది. పాట కంటికి కనబడేది. మేగన్ తను కుట్టుకున్న బట్టలే వేసుకునేది. మా అమ్మ కుట్టుమిషను మీద మా ఇద్దరికీ గౌన్లు కుట్టిన చేయి కదా, నాకు ఆ సంగతి ఎందుకో మిగతా అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది.

2013లో వాళ్ళు డెట్రాయిట్ ర్యాపర్ డానీ బ్రౌన్‌కి 25 బక్స్ అనే పాట చేసిపెట్టారు. అందులో మేగన్ గొంతు ముందుకన్నా విడిగా వినిపించింది. నేను పట్టించుకోలేదు. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

చెల్లి వచ్చిన ఆ డిసెంబరులోనే పుష్ పుల్ విడుదలైంది. రెండేళ్ళుగా ఎదురుచూసిన పాట. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మొదటి చరణానికే కళ్ళు తెరిచాను. మాటలన్నీ అర్థమవుతున్నాయి. గొంతు చెవి పక్కనే ఉంది, ముక్కలు లేవు, వెనక బొంగురు నీడ లేదు. జనవరిలో బిగిన్ అగైన్ వచ్చింది. అందులో పల్లవి దగ్గర సింథ్ పెద్ద స్టేడియంలో వెలిగే దీపాల్లా ఒక్కసారిగా లేస్తుంది. డాన్స్ క్లబ్బుల్లో అందరూ చేతులెత్తి ఎదురుచూస్తారే, అలాంటి ఎత్తు. మార్చిలో ఆల్బమ్ మొత్తం వచ్చింది, అనదర్ ఎటర్నిటీ, 10 పాటలు. చాలా పేర్లు కూడా విడిపోయాయి. పుష్ పుల్, బిగిన్ అగైన్, రెపిటిషన్. సంధి విడదీసి రాసినట్టు.

నాకు కోపం వచ్చింది. అమ్ముడుపోయారన్నాను. రేడియో కోసం కడిగి, తుడిచి, ఆరేశారన్నాను. మొదటి ఆల్బమ్‌లో చీకట్లో తడుముకుంటూ వెళ్తే ఒక్కో గది దొరికేది. ఇందులో తలుపులన్నీ తెరిచి, లైట్లన్నీ వేసి, రండి రండి అని పిలుస్తున్నారు. అలా అనుకున్నది నేనొక్కదాన్నే కాదు. ష్రైన్స్‌ని ప్రేమించిన చాలామంది ఆ వసంతంలో ఇదే మాట అన్నారు.

చెల్లికి మాత్రం ఆ ఆల్బమ్ తెగ నచ్చింది. మొదటిరోజే రెండుసార్లు పెట్టుకుంది. రెండోసారి అయ్యాక నా వైపు తిరిగి అడిగింది.

"ఈమె ఆమేనా? బావిలో పిల్ల?"

"ఆమే."

"గొంతు ఇంత బాగుంటే ఇన్నాళ్ళూ ఎందుకు దాచారక్కా?"

దాచడం కాదే, అదే అందం అని మొదలుపెట్టి గంటసేపు చెప్పాను. సైడ్‌చెయిన్ గురించి, శ్రుతి మార్చడం గురించి. 1980లలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన కాక్టో ట్విన్స్ బృందం గురించి, వాళ్ళ గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ భాష కాని భాషలో పాడి జనాన్ని ఏడిపించడం గురించి. కలలోంచి వినిపిస్తున్నట్టుండే ఈ డ్రీమ్ పాప్ అనే ఇంటికి పునాది వేసినవాళ్ళలో వాళ్ళున్నారని, వాళ్ళదీ ఇదే ఫోర్ ఏడీ సంస్థ అని. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయాను. ఎందుకంటే కాక్టో ట్విన్స్ ఆల్బమ్‌లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1990లో వచ్చిన హెవెన్ ఆర్ లాస్ వేగస్. ఫ్రేజర్‌కి కూతురు పుట్టిన రోజుల్లో చేసిన ఆల్బమ్. అంతకుముందు వాటికన్నా అందులో మాటలు తేటగా వినిపిస్తాయి, బాణీలు పాప్ పాటలకు దగ్గరగా ఉంటాయి, బ్రిటన్ చార్టుల్లో 7వ స్థానం దాకా ఎక్కింది. పాతికేళ్ళ తర్వాత విన్నదాన్ని కాబట్టి అది నాకు ద్రోహంలా అనిపించలేదు. 1990లో ఏ గ్లాస్గోలోనో హెడ్‌ఫోన్స్ విసిరికొట్టిన అమ్మాయి ఉండే ఉంటుంది.

చెల్లితో ఆ మాట అనలేదు. పంతం.

ఆ చలికాలం ఊరి పరిస్థితి కూడా చెప్పాలి. అల్బర్టా అంతా చమురు మీద బతికే రాష్ట్రం. 2014 వేసవిలో పీపా 100 డాలర్ల పైన ఉన్న ధర జనవరికల్లా 50 కిందకి పడిపోయింది. నేను అప్పటికి చదువు ముగించి, చమురు పనుల మీద ఆధారపడిన ఒక ఆఫీసులో చేరి ఆరు నెలలు. లిఫ్టులో, కాఫీ దగ్గర, బస్సులో, ఎవరి నోట విన్నా ధర ఎంత, ఎవరిని తీసేశారు అన్న మాటే. ఊరికి తూర్పున రిఫైనరీలు ఉంటాయి. రాత్రిపూట గొట్టాల మీద మంటలు, తెల్లటి ఆవిరి, మంచు మీద నారింజ రంగు వెలుతురు. అటువైపు చూస్తే ఇవి ఎన్నాళ్ళు వెలుగుతాయో అనిపించేది. అంత బెంగలో నాకు చీకటి పాటలు కావాలి. వాళ్ళేమో వెలుతురు పాటలు తెచ్చారు. నా కోపంలో ఇది కూడా ఉందని అప్పుడు తెలియలేదు.

ఏప్రిల్‌లో అనుకుంటాను, ఆ ఆల్బమ్ ఎలా చేశారో చదివాను. ఈసారి ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని చేశారట. దూరం నుంచి పంపుకోవడాలు లేవు. అందులో చాలా పని సొంత ఊరికి తిరిగొచ్చి, ఎడ్మంటన్‌లోనే చేశారట. అంటే నేను ఆ బేస్‌మెంట్‌లో పాత ఆల్బమ్ వింటూ కూచున్న చలికాలాల్లోనే, అదే ఊళ్ళో ఏదో ఒక గదిలో మేగన్ కోరిన్ ఎదురుగా నిలబడి పాడింది. ఎదురుగా ఉన్న మనిషికి బావిలోంచి వినిపించాల్సిన పనేముంది?

మా గదిలో జరుగుతున్నదీ అదే. రెండేళ్ళు చెల్లి నాకు స్కైప్‌లో అమ్మ వెనక అటూ ఇటూ తిరిగే నీడ. "అక్కా, హాయ్" అని చెయ్యి ఊపి పోయేది. ఇప్పుడు పక్క పరుపు మీద ఉంది. నిద్రలో పళ్ళు కొరుకుతుందని తెలిసింది. డబ్బు విషయంలో నాకన్నా గట్టి మనిషని తెలిసింది. నేను రాత్రిళ్ళు మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకుంటే, నాలుగు రోజులు చూసి, ఐదో రోజు లైటు వేసి, "ఏమైందో చెప్తావా, అమ్మకు ఫోన్ చేయనా?" అంది. అంత స్పష్టంగా నన్నెవరూ అడిగి చాలా కాలమైంది. నాకు అది నచ్చలేదు. దూరంగా ఉన్నప్పుడు నా మీద నాకు ఒక పొగమంచు ఉండేది, దాంట్లో సుఖంగా దాక్కున్నాను. తను వచ్చి కిటికీ తెరిచింది.

మే నెలలో నా ఉద్యోగం పోయింది. పొద్దున పిలిచారు, మధ్యాహ్నానికి పెట్టె సర్దుకున్నాను. ఇంటికొచ్చేసరికి చెల్లి వంటింట్లో పచ్చిపులుసు చేస్తోంది, మిల్‌వుడ్స్ వైపు మనవాళ్ళ కొట్లో తెచ్చిన చింతపండుతో. ఫోనులో ఆ కొత్త ఆల్బమ్‌లోని బాడీఏక్ పాట మోగుతోంది. చెల్లి కూడా పాడుతోంది, ఉల్లిపాయ తరుగుతూ, మాటలన్నీ తప్పు లేకుండా, సిగ్గు లేకుండా, గొంతెత్తి. నన్ను చూసి ఆపింది. చేతిలో పెట్టె చూసింది. ఏమీ అడగలేదు. నేను కుర్చీలో కూర్చుని, "ఆపకు" అన్నాను. తను మళ్ళీ అందుకుంది. పల్లవి దగ్గర నేనూ కలిశాను. నాకు తెలియకుండానే ఆ మాటలన్నీ నాకూ వచ్చు.

ఆ సాయంత్రం అర్థమైన సంగతి ఒకటుంది. ష్రైన్స్‌తో కలిసి పాడలేం. ప్రయత్నించి చూడండి. ముక్కలైన గొంతుతో ఎవరూ గొంతు కలపలేరు, వింటూ ఉండాలంతే, ఒక్కరే. అనదర్ ఎటర్నిటీని ఇద్దరు కలిసి పాడుకోవచ్చు. పాప్ పాట అని నేను తీసిపారేసిన లక్షణం అదే. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది, ఎక్కడ లేవాలో ముందే తెలుస్తుంది, పక్కనున్న మనిషి కూడా అదే క్షణంలో లేస్తారు. పచ్చిపులుసు అన్నం తింటూ ఆల్బమ్ మొత్తం పెట్టుకున్నాం. చివరి పాట స్టిల్‌నెస్ ఇన్ వో దగ్గర చెల్లి మాట్లాడటం మానేసింది. "ఇది మాత్రం నీ పాటక్కా" అంది.

అయినా ఆ ఆల్బమ్ మీద నాకున్న ఫిర్యాదు పూర్తిగా పోలేదు, పోయిందని చెబితే అబద్ధం. కొన్ని పాటల్లో పెద్ద ఎత్తు కోసం చిన్న చిన్న వింతలు తీసేశారు. ఆ బొంగురు నీడ గొంతు ఉంటే స్ట్రేంజర్ దాన్ ఎర్త్ ఇంకెంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. డ్రమ్ములు కూడా అప్పుడు వచ్చే అందరి పాటల్లాగే మెరిసిపోతాయి. ష్రైన్స్ ఎవరి పాటల్లాగానూ ఉండేది కాదు. అలా పోగొట్టుకున్నది చిన్నది కాదు. కానీ అమ్ముడుపోయారన్న మాట వెనక్కి తీసుకున్నాను. అప్పుడు కూడా మేగన్ పాడేది ఎముకల గురించి, కన్నీళ్ళ గురించి, శరీరం లోపలి చీకట్ల గురించే. మాట మారలేదు. మైకు దగ్గరికి జరిగి నిలబడింది, అంతే.

2016లో చెల్లి చదువు ముగించుకుని టొరంటోలో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. నాకు ఎడ్మంటన్‌లోనే ఇంకో పని దొరికింది, జీతం తక్కువే అయినా మంచి మనుషులు. 2017లో అమెరికా పాప్ గాయని కేటీ పెర్రీ విట్నెస్ ఆల్బమ్ వచ్చింది. అందులో మూడు పాటల్లో ప్యూరిటీ రింగ్ చెయ్యి ఉంది. చెల్లి లింకు పంపి, "మన ఎడ్మంటన్ వాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళారో చూడు" అని రాసింది. విన్నాను. పని నాణ్యంగా ఉంది. ఆ సింథ్ మలుపులు ఎక్కడున్నా గుర్తుపడతాను. కానీ అందులో మేగన్ గొంతు ముందు లేదు. గొంతు వేరే మనిషిది అయ్యాక, అదే బాణీ నాకు ఖాళీ చేసిన అద్దె ఇల్లులా అనిపించింది. పాప్ వైపు జరగడంలో నాకున్న హద్దు ఎక్కడో ఆ రోజు తెలిసింది. ఎంత వెలుతురైనా ఫరవాలేదు, ఆ మనిషి ఉండాలి.

2020 ఏప్రిల్ మొదట్లో వాళ్ళ మూడో ఆల్బమ్ వచ్చింది, వూమ్. ఐదేళ్ళ తర్వాత. లోకమంతా తలుపులు వేసుకున్న రోజులు. ఎడ్మంటన్‌లో ఇంకా మంచు కరగలేదు. నేను మళ్ళీ ఒక గదిలో ఒక్కదాన్నే. అమ్మ ఖమ్మంలో, చెల్లి టొరంటోలో, ముగ్గురం మూడు తెరల్లో. అమ్మకు ఇప్పుడు వాట్సాప్ వీడియో బాగా అలవాటైంది, బొమ్మ ఆగదు, గొంతు తెగదు. అయినా "వినపడుతుందా బిడ్డా?" అనే మొదలుపెడుతుంది.

ఆల్బమ్ విడుదలైన రాత్రి చెల్లి ఫోన్ చేసింది. తనకు అప్పటికే పదకొండు దాటింది, నాకు తొమ్మిది.

"బావిలో పిల్ల వచ్చింది, చూశావా?"

"ఇంకా వినలేదే."

"నేనూ వినలేదు. నీతోనే విందామని ఆగాను. స్పీకర్‌లో పెట్టు, నేనూ పెడతాను. ఒకటి, రెండు, మూడు అంటే నొక్కు."

నొక్కాం. ఒక్క క్షణంలో కుదరలేదు. నా గదిలో పాట మొదలైన అర సెకను తర్వాత ఫోనులోంచి చెల్లి గదిలో పాట మొదలైంది. మేగన్ గొంతు ఇక్కడ తేటగా ఒక మాట అంటుంది, అదే మాట టొరంటో నుంచి కొంచెం నలిగి, కొంచెం సన్నబడి, వెనకాలే వస్తుంది. సింథ్ ఇక్కడ అణిగేసరికి అక్కడ లేస్తుంది. రెండు డ్రమ్ములు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. నేను లైటు తీసేసి నేల మీద కూర్చున్నాను.

"అక్కా, కలవలేదు. ఆపి మళ్ళీ మొదలుపెడదామా?"

"వద్దు" అన్నాను. "ఇలాగే ఉండనీ."